ప్రాణహిత లోయ ఫైటోసార్: మొసలిలా కనిపించినా మొసలి కాని జంతువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని సిరోంచ, అంకీస, ఆసరెల్లి, అహేరి వైపు తెలుగు ఇళ్లలో ఎముకల రాళ్ల ముచ్చట ఎప్పుడూ ఉన్నదే. ప్రాణహిత నదికి ఆవల మాలేరిలో దొరికిన పాత జంతువు గురించి పిల్లలూ పెద్దలూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. అడిగింది తెలుగులో కాబట్టి జవాబూ తెలుగులోనే, వివరంగా ఉండాలని నా కోరిక. పేర్లు పొడుగ్గా ఉన్నాయని వెనక్కి తగ్గకండి. జంతువు పరిచయమయ్యాక పేర్లు వాటంతటవే నోటికి వస్తాయి.

ఇంతకీ ఈ జంతువు ఏది?

దాని పేరు పారాసూకస్ హిస్లోపి. ఫైటోసార్లు అనే సరీసృపాల గుంపుకు చెందినది. సన్నగా సాగిన మూతి, నోటి నిండా పళ్లు, వీపు మీద ఎముక పలకలు, బలమైన పొడవాటి తోక. నీళ్లలో పొంచి ఉండి వేటాడేది. ఈ గుంపులో ఒక్క జాతి కూడా ఇప్పుడు బతికి లేదు.

ఇది మా వైపు దొరికిందా, ఆవలి గట్టున దొరికిందా?

ఆవలి గట్టునే. ప్రాణహితకు పడమట, పాత ఆదిలాబాద్ జిల్లాలో మాలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రని బురదరాయి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు మాలేరి రాతిపొరలని పేరు పెట్టారు. పారాసూకస్ ఎముకలు వచ్చింది వాటిలోంచే.

మరి సిరోంచ వైపు ఎందుకు దొరకదని వెంటనే అడుగుతారు. నేల కింద రాతిపొరలు అడ్డంగా, చదునుగా పరుచుకుని లేవు. ప్రాణహిత–గోదావరి లోయలో అవి ఈశాన్యం దిక్కుకు వాలి ఉన్నాయి. అందువల్ల పడమటి నుంచి ప్రాణహిత వైపు నడిచేవాడి కాళ్ల కింద పాత పొరలు పోయి కొత్త పొరలు వస్తుంటాయి. ముందు ఎర్రపల్లి పొరలు, తర్వాత భీమారం, మాలేరి, ధర్మారం, ఆ తర్వాత కోట. ఎర్రపల్లి నుంచి ధర్మారం దాకా ప్రధానంగా ట్రయాసిక్ కాలానివి, కోట పొరలు దాని తర్వాతి జురాసిక్ కాలానివి. ఈ పేర్లన్నీ మన ఊళ్లవే. ప్రపంచంలో ఎక్కడ ఈ విషయం మీద పరిశోధన రాసినా ఈ తెలుగు ఊళ్ల పేర్లు రాయకుండా కుదరదు.

కోట అనే ఊరు మన సిరోంచ తాలూకాలోనే, ప్రాణహిత ఎడమ గట్టున ఉంది. అంటే సిరోంచ దగ్గర నేల పైకి కనిపించేవి కోట పొరలు. ఫైటోసార్ ఉండే పొర మన వైపు లేదని కాదు, అది లోతుకు పోయింది. మనకు పైన దొరికేవి చేపల శిలాజాలు, డైనోసార్ ఎముకలు, రాయిగా మారిన చెట్ల మొద్దులు. తాలూకాలోని వడదం శిలాజ ఉద్యానం ఆ చెట్ల మొద్దులతోనే పేరు తెచ్చుకుంది. కోట దగ్గరి సున్నపురాయి పొరల్లోని చేపల గురించి 1850ల్లోనే లండన్ దాకా కబురు వెళ్లింది.

ఎంత పాతది?

సుమారు 22 నుంచి 23 కోట్ల సంవత్సరాల కిందటిది. ట్రయాసిక్ యుగంలో చివరి భాగం అది.

డైనోసారా?

కాదు. మాలేరి పొరల్లోనే ఆల్వాకేరియా అనే చిన్న డైనోసార్ ఎముకలు కొన్ని దొరికాయి, కాబట్టి రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే చోట బతికాయి. అప్పటికి డైనోసార్లు ఇంకా చిన్న జీవులు. నీటి గట్టున పెత్తనం ఫైటోసార్‌దే.

బొమ్మ చూస్తే అచ్చం మొసలే. మరి మొసలి ఎందుకు కాదంటారు?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే జవాబు పొడుగు.

మూతిని ఒక్కదాన్నే చూస్తే ఎవరైనా మొసలనే అంటారు. ఎముకలను ఒక్కొక్కటిగా చూడాలి. మొదట ముక్కు రంధ్రాలు చూడండి. గోదావరిలో మగ్గర్ మొసలి నీళ్ల మీద తేలుతున్నప్పుడు మూతి కొసన చిన్న బుడిపె, దానికి చాలా వెనక రెండు కళ్లు కనిపిస్తాయి. ఆ కొసన ఉన్న బుడిపే ముక్కు. ఫైటోసార్‌కు మూతి కొసన ముక్కు లేదు. ముక్కు రంధ్రాలు మూతి మొదట్లో, కళ్లకు దగ్గరగా, పుర్రె పైభాగాన ఉన్నాయి. పుర్రె ఒక్కటి చేతికొచ్చినా చాలు, ఈ ఒక్క గుర్తుతో ఫైటోసార్‌ను మొసలి నుంచి విడదీయవచ్చు.

తర్వాత మూతి దేనితో తయారైందో చూడాలి. పై దవడలో రెండు జతల ఎముకలుంటాయి: ముందు దవడ ఎముక, దాని వెనక అసలు పైదవడ ఎముక. మొసలి మూతిలో ఎక్కువ పొడవు రెండోదానిది, ముందు ఎముక కొసకు మాత్రమే పరిమితం. ఫైటోసార్‌లో ఇది తలకిందులు. ముందు దవడ ఎముకే సాగి సాగి మూతి పొడవంతా ఆక్రమించింది. రెండు జంతువులకూ పొడుగు మూతే వచ్చింది, కానీ సాగిన ఎముక వేరు. ఈ రెండు మూతులూ ఒకే పూర్వీకుడి నుంచి రాలేదు, వేరువేరుగా తయారయ్యాయి అని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనిపించదు.

మూడోది నోటి లోపల. మొసలి అంగిలిలో ఎముకతో కట్టిన పొడవాటి గాలి దారి ఉంది. మూతి కొసన పీల్చిన గాలి ఆ దారి గుండా గొంతు వెనక్కి చేరుతుంది. నోరు నీళ్లలో తెరిచి ఉన్నా ఊపిరి ఆగదు. ఫైటోసార్‌కు మొసలిలాంటి ఎముక అంగిలి లేదు. ముక్కు వెనకే ఉంది కాబట్టి గాలి నేరుగా కిందికి, గొంతు వైపు దిగుతుంది. నీళ్లలో దాగి ఊపిరి తీయడమనే అవసరం ఒక్కటే, రెండు జంతువులూ దాన్ని రెండు వేరు దారుల్లో తీర్చుకున్నాయి.

కంటికీ ముక్కుకూ మధ్య పుర్రె పక్కన ఫైటోసార్‌కు పెద్ద కిటికీ ఉంటుంది. ఇప్పటి మొసళ్లలో అది మూసుకుపోయింది. మణికట్టు కూడా చెబుతుంది: మొసలి వంశంలో మణికట్టులోని రెండు ఎముకలు పొడవుగా సాగి ఉంటాయి, ఫైటోసార్‌లో అలా సాగలేదు. తుంటిలోనూ తేడా ఉంది. తొడ ఎముక తల కూర్చునే గుంటను ఫైటోసార్‌లో మూడు తుంటి ఎముకలూ కలిసి కడతాయి. ఇప్పటి మొసలిలో ముందు వైపు ఎముక ఆ గుంటలోకి రాదు, పక్కకు తప్పుకుంది.

దూరపు చుట్టాలైన రెండు జంతువులు ఒకే రకం బతుకు బతికి ఒకే రకం ఆకారానికి రావడాన్ని అభిసారి పరిణామం అంటారు. బడిలో ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు సొరచేపను, డాల్ఫిన్‌ను ఉదాహరణగా చూపిస్తారు. సిరోంచ పిల్లలకు అంత దూరం పోనక్కర్లేదు. నదిలో మగ్గర్ ఉంది, నది ఆవలి రాళ్లలో ఫైటోసార్ ఉంది.

ముక్కు అంత వెనక ఉంటే లాభమేమిటి?

మూతి మొత్తం నీళ్లలో ముంచి, తల పైభాగం కొంచెం మాత్రం పైకి పెట్టి ఊపిరి తీసుకోవచ్చు. ముక్కు, కళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బయట కనిపించేది చాలా తక్కువ.

పారాసూకస్‌లో ముక్కు ఇంకా పూర్తిగా వెనక్కి పోలేదు. ఇందాక చెప్పిన పుర్రె కిటికీకి ముందు వైపునే ఉంది. తర్వాతి కాలపు ఫైటోసార్లలో అది ఇంకా వెనక్కి జరిగి కిటికీ పైకి చేరింది. అందుకే పారాసూకస్‌ను ఈ గుంపులో తొలి తరాల రూపంగా లెక్కిస్తారు. వర్గీకరణలో చాలా వాదనలు ఈ ముక్కు ఎక్కడుందన్న దాని చుట్టూ తిరుగుతాయి.

ఏం తినేది?

చాలా అంతరించిన జంతువుల విషయంలో పళ్లను చూసి ఊహించాల్సిందే. దీని విషయంలో మాత్రం కడుపులోనే సాక్ష్యం దొరికింది.

మాలేరి పొరల్లోంచి కోల్‌కతా శాస్త్రవేత్తలు రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దాదాపు పూర్తిగా తీశారు. ఆ రెండిటి కడుపు భాగంలోనూ మలేరిసారస్ అనే మరో సరీసృపం ఎముకలు ఉన్నాయి. మలేరిసారస్ పొడవు మెడతో, నేల మీద తిరిగే, మీటరు పైచిలుకు జంతువు. అంటే పారాసూకస్ చేపలతో సరిపెట్టుకునేది కాదు. గట్టు మీదికి నీళ్లు తాగడానికి వచ్చిన జంతువునూ పట్టేది. సన్నటి మూతి ఉన్నవన్నీ చేపలే తింటాయని పుస్తకాల్లో తేలిగ్గా రాసే మాటకు ఈ రెండు కడుపులు గట్టి జవాబు. ఇంకో విశేషం: మలేరిసారస్ అనే జాతి ఉందని లోకానికి తెలిసిందే ఈ కడుపుల్లోని ఎముకల వల్ల. 1980లో ఆ శాస్త్రవేత్తల్లో ఒకరైన శంకర్ ఛటర్జీ దాన్ని వర్ణించారు.

పళ్లు దవడ గుంటల్లో నాటుకుని ఉంటాయి. మూతి కొస కొంచెం కిందికి వంగి, అక్కడ పెద్ద కోరలు గుంపుగా ఉంటాయి, ఎరను గుచ్చి పట్టడానికి. చాలా ఫైటోసార్లలో ముందు పళ్లు గుండ్రంగా, సూదిగా, వెనక పళ్లు పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా, అంచున సన్నటి రంపపు గాట్లతో ఉంటాయి. ముందువి పట్టడానికి, వెనకవి కోయడానికి. అమెరికాలో దొరికిన వేరే పెద్ద సరీసృపం తొడ ఎముకలో ఫైటోసార్ పన్ను విరిగి ఇరుక్కుని ఉండటం 2014లో ప్రచురించారు. ఆ పన్ను చుట్టూ ఎముక మానింది, అంటే కాటు తిన్న జంతువు తప్పించుకుని కొంత కాలం బతికింది.

ఒంటి మీద కవచం ఉండేదా?

ఉండేది. వీపు పొడవునా చర్మంలో ఎముక పలకలు వరుసలుగా ఉంటాయి. మొసలికీ ఇలాంటివే ఉన్నాయి. ఫైటోసార్‌కు గొంతు కింద కూడా చిన్న చిన్న పలకలు గుంపుగా చేరి కవచంలా ఉంటాయి. పొట్ట కింద సన్నటి పొట్ట పక్కటెముకలు బుట్ట అల్లినట్టు పరుచుకుని ఉంటాయి. పొరల్లో ఎక్కువగా చేతికొచ్చేవి ఈ వీపు పలకలూ పళ్లే. పలక పైభాగం గుంటలు గుంటలుగా, గరుకుగా ఉంటుంది, అడుగు నున్నగా ఉంటుంది.

ఎంత పొడవు ఉండేది?

పారాసూకస్ హిస్లోపి రెండు, రెండున్నర మీటర్లు. గుంపులో ఇది చిన్నదే. అమెరికాలోని స్మిలోసూకస్ పుర్రె ఒక్కటే మీటరున్నర దాటింది. మన దేశంలోనే మధ్యప్రదేశ్ టికి పొరల్లోంచి కొలోసోసూకస్ అనే ఫైటోసార్‌ను 2023లో వర్ణించారు. అది ఎనిమిది మీటర్లు దాటేదని అంచనా. ఒకేచోట కనీసం 21 జంతువుల ఎముకలు కలిసి దొరికాయి.

నీళ్లలోనే ఉండేదా, నడిచేదా?

రెండూ. తోక ఈతకు, కాళ్లు నడకకు. మిస్త్రియోసూకస్ అనే ఫైటోసార్ అస్థిపంజరం ఆస్ట్రియాలో సముద్రపు పొరల్లో దొరికింది, కాబట్టి కొన్ని సముద్రంలోకీ వెళ్లేవి. మన మాలేరిది నదీ మైదానపు జంతువు.

ఆ మైదానం ఎలా ఉండేదో మాలేరి రాళ్లే చెబుతాయి. ఎర్రని బురదరాయి వరద మైదానంలో పేరుకున్న మట్టి. మధ్యమధ్య ఇసుకరాయి పాత కాలువల జాడ. సున్నపు గుళికలు నిండిన పొరలు ఎండ, వాన మారి మారి వచ్చిన వాతావరణానికి గుర్తు. వాటిలో ఊపిరి చేపల పళ్ల పలకలు, నత్తగుల్లలు, పెద్ద తల ఉన్న ఉభయచరం పాంథాసారస్, మొక్కలు తినే పక్షిముక్కు సరీసృపం హైపెరోడాపెడాన్ ఉన్నాయి. రాయిగా మారిన పేడలు కూడా లెక్కలేనన్ని ఉన్నాయి. ముక్కలైన బురదరాయిలో వేలెడంత పొడవున, మెలి తిరిగిన గీతలతో బూడిద రంగు ఉండ కనబడితే అది చాలా వరకు చేప పేడ. మెలి తిరగడానికి కారణం ఆ చేపల పేగు లోపల స్క్రూలాంటి మెలిక ఉండటం. ఒక నది బతుకంతా, తిన్నదీ విసర్జించినదీ సహా, అక్కడ పొరలో ఉంది.

పారాసూకస్ హిస్లోపి అన్న పేరు ఎట్లా వచ్చింది? పేరు మీద తగువు ఉందంటారు, నిజమేనా?

నిజమే. శాస్త్రం ఎంత జాగ్రత్తగా తనను తాను దిద్దుకుంటుందో తెలియాలంటే ఈ కథ తెలుసుకోవాలి.

స్టీఫెన్ హిస్లోప్ స్కాట్లండ్ నుంచి నాగపూర్ వచ్చిన మిషనరీ. రాళ్లంటే ప్రాణం పెట్టేవారు. మాలేరి ఎముకలను మొదట సేకరించి ఇంగ్లండ్ పంపినవారిలో ఆయన ఒకరు. 1863లో నాగపూర్ దగ్గర వాగు దాటుతూ నీటిలో కొట్టుకుపోయి చనిపోయారు. ఆయన పేరు మీదే జాతి పేరు. 1870లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ పారాసూకస్ అనే పేరు వాడారు, కానీ ఆ జంతువు ఎట్లా ఉంటుందో వర్ణన రాయలేదు. వర్ణన లేని పేరు శాస్త్ర నియమాల ప్రకారం చెల్లదు. 1885లో రిచర్డ్ లైడెక్కర్ వర్ణన రాసి పేరును నిలబెట్టారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. లైడెక్కర్ ముందున్నవి ముక్కలు: పుర్రె అడుగు భాగం, మూతి ముక్క, పళ్లు, కవచ పలకలు. తర్వాత పరిశీలిస్తే ఆ పుర్రె అడుగు భాగం ఫైటోసార్‌ది కాదు, హైపెరోడాపెడాన్‌ది అని తేలింది. ఒకే పొరలో కలిసిపోయిన రెండు జంతువుల ఎముకలకు ఒకే పేరు పడింది. మిగిలిన మూతి ముక్కేమో ఫలానా జాతి అని కచ్చితంగా చెప్పేంత వివరం ఇవ్వదు.

1978లో శంకర్ ఛటర్జీ పూర్తి అస్థిపంజరాలతో పారాసూకస్ హిస్లోపిని మళ్లీ వర్ణించారు. అప్పుడే ఈ జంతువు రూపం తల నుంచి తోక దాకా తెలిసింది. 1991లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు దీన్ని పాలియోరైనస్ అనే ప్రజాతిలోకి (దగ్గరి జాతులను కలిపి పెట్టే గుంపులోకి) మార్చాలన్నారు. 2001లో ఛటర్జీ జంతువుల పేర్ల అంతర్జాతీయ కమిషన్‌కు అర్జీ పెట్టారు: పాత ముక్కల బదులు పూర్తి అస్థిపంజరాన్ని ఈ పేరుకు ఆధారంగా నిలపండి అని. 2003లో కమిషన్ ఒప్పుకుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో ఆర్ 42 నంబరు అస్థిపంజరం ఇప్పుడు ఆ పేరుకు ఆధారం. కడుపులో మలేరిసారస్ ఉన్న రెండిటిలో అదొకటి.

2016లో కామరర్, బట్లర్, శాశ్వతి బందోపాధ్యాయ, స్టాకర్ కలిసి దీని చుట్టరికాలను తిరగరాశారు. అమెరికాలో పాలియోరైనస్ బ్రాన్సోనై అని పిలిచేదీ, జర్మనీలోని అంగుస్టిఫ్రాన్స్ జాతీ మన జంతువుకు ఎంత దగ్గరంటే అవన్నీ ఒకే ప్రజాతి అన్నారు. ప్రజాతులు కలిసిపోయినప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. లైడెక్కర్ 1885, పాలియోరైనస్ 1904. అలా అమెరికా జంతువుకు కూడా మన మాలేరి జంతువు పేరే వచ్చింది.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అంటే గణాంక సంస్థ కదా, దానికి ఎముకలతో పనేమిటి?

చాలామంది అడుగుతారు. ఆ సంస్థను స్థాపించిన మహలనోబిస్‌కు జీవుల కొలతల మీద, పరిణామం మీద ఆసక్తి ఎక్కువ. 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్‌ను పిలిపించారు. ఆమె కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చి ఈ లోయకే పంపారు. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ ఆ తరం వారు. కోట పొరల్లోంచి బారాపాసారస్ టాగోరై అనే భారీ డైనోసార్‌ను బయటికి తీసిందీ వాళ్లే. మలేరిసారస్ రాబిన్సనే అన్న పేరు పమేలా రాబిన్సన్ గౌరవార్థం పెట్టింది.

పొద్దంతా ఎండలో ఎర్రమట్టి ఒర్రెల్లో వంగి నడిచిన శాస్త్రవేత్తల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్లకు దారి చూపిన, మట్టి తవ్విన, పెట్టెలు మోసిన మన ఊళ్ల కూలీల పేర్లు లేవు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

వంశవృక్షంలో ఫైటోసార్ ఎక్కడ కూర్చుంటుంది?

మొసళ్లు, పక్షులు, డైనోసార్లు అన్నీ కలిసిన పెద్ద గుంపును ఆర్కోసార్లు అంటారు. అందులో రెండు కొమ్మలు: మొసలి వైపు కొమ్మ, పక్షి వైపు కొమ్మ. ఫైటోసార్‌ను చాలా కాలం మొసలి వైపు కొమ్మ మొదట్లో పెట్టారు. ముఖ్య కారణం చీలమండ. మొసలి చీలమండలో రెండు ఎముకల్లో ఒకదాని ముడి రెండోదాని గుంటలో రోట్లో రోకలిలా కూర్చుని తిరుగుతుంది. ఫైటోసార్ చీలమండ కూడా అట్లాగే ఉంటుంది.

2011లో స్టెర్లింగ్ నెస్బిట్ వందల లక్షణాలను పోల్చి వేరే మాట చెప్పారు. ఆ చీలమండ మొసలి కొమ్మకే ప్రత్యేకం కాదు, రెండు కొమ్మలూ చీలక ముందే ఉన్న పాత లక్షణం. కాబట్టి ఫైటోసార్లు ఆర్కోసార్ల బయట, వాటికి అతి దగ్గరి పక్కింట్లో ఉంటాయి అన్నారు. 2016లో మార్టిన్ ఎజ్‌కురా మరో పెద్ద పోలికలో మళ్లీ మొసలి కొమ్మ మొదట్లోకే చేర్చారు. వాదన సాగుతూనే ఉంది.

నా అభిప్రాయం అడిగితే, రెండు చోట్లా విషయం ఒక్కటే: ఫైటోసార్ మొసలి వంశం చీలిన చోటికి చాలా దగ్గరగా, చాలా ముందుగా విడిపోయింది. గట్టిగా చెప్పగలిగేది అంతవరకే. పుస్తకంలో ఒక గీత ఇటు, ఒక గీత అటు కనిపిస్తే ఏదో ఒకటి తప్పని పిల్లలకు చెప్పకండి. రెండూ ఎముకలు చూసి వేసిన గీతలే.

ఒక చైనా జంతువు ఈ లెక్కకు సాయపడింది. యున్నాన్‌లో దొరికిన డియాండోంగోసూకస్‌ను మొదట వేరే గుంపులో పెట్టారు. 2017లో అది ఫైటోసార్ల తొలి చుట్టమని తేల్చారు. అది మధ్య ట్రయాసిక్ కాలానిది, మూతి పొట్టిగా ఉంటుంది. అంటే ఫైటోసార్లు ముందు ఫైటోసార్లయ్యాయి, పొడుగు మూతి ఆ తర్వాత వచ్చింది. మొసలి పోలిక పుట్టుకతో వచ్చినది కాదని దీనితో ఇంకా స్పష్టమైంది.

ఒకే ప్రజాతి ఇండియాలో, జర్మనీలో, అమెరికాలో ఎట్లా ఉంటుంది?

అప్పుడు ఖండాలు విడిపోలేదు. అన్నీ కలిసి పాంజియా అనే ఒకే భూభాగం. సముద్రం దాటకుండానే నదుల వెంట వ్యాపించవచ్చు.

ఫైటోసార్లు మొసలి పని చేస్తుంటే, మొసలి వంశం వాళ్లు ఏం చేసేవాళ్లు?

నేల మీద పరుగెత్తేవాళ్లు! హెస్పెరోసూకస్, టెరెస్ట్రిసూకస్ లాంటివి సన్నటి పొడవాటి కాళ్లతో, తేలికైన ఒంటితో, చిన్న జంతువులను తరిమే వేటగాళ్లు. నీటి గట్టున పొంచి ఉండే బతుకు అప్పటికి ఫైటోసార్లది. సుమారు 20.1 కోట్ల ఏళ్ల కిందట, ట్రయాసిక్ ముగిసేటప్పుడు ఫైటోసార్లు పోయాయి. జురాసిక్‌లో మొసలి వంశం నీళ్లలోకి దిగింది.

ఎందుకు అంతరించాయి?

పాంజియా చీలడం మొదలైనప్పుడు ఇప్పటి అట్లాంటిక్ చుట్టూ భారీగా లావా పొంగింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి వాతావరణం, సముద్రం రెండూ మారిపోయాయి. ఆ కాలంలో చాలా గుంపులు తుడిచిపెట్టుకుపోయాయి. ఫైటోసార్లు వాటిలో ఒకటి.

మరి ప్రాణహితలో, గోదావరిలో ఉన్న మొసళ్లు దీని సంతానం కాదా?

కాదు. మన నదుల్లోవి మగ్గర్లు, అసలు మొసలి వంశం. ఫైటోసార్‌కు వారసులు లేరు. మూతి పోలికలో మగ్గర్ కంటే సన్నటి పొడుగు మూతి మొసలి ఘరియాల్ దగ్గర, కానీ ఘరియాల్‌కూ ముక్కు మూతి కొసనే ఉంటుంది. ఇందాక చెప్పిన గుర్తు ఇక్కడా పనికొస్తుంది.

ఎక్కడ చూడొచ్చు?

పారాసూకస్ అస్థిపంజరాలు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, బారాపాసారస్ కూడా అక్కడే. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో మన లోయ కోట పొరల్లోదే కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టారు. పిల్లలను తీసుకెళ్లేటప్పుడు దాని పేరులో ఉన్న కోట ఏ కోటో ముందే చెప్పండి. సిరోంచ పిల్లల కళ్లు మెరుస్తాయి.

మా తాత వాటిని రాకాసి బొక్కలు అంటాడు. నవ్వాలా?

నవ్వకండి. మామూలు జంతువుది కాదని, చాలా పాతదని ఆయన గుర్తుపట్టాడు. ఎక్కడ చూశాడో, ఏ ఒర్రెలో, ఏ వానల తర్వాతనో అడగండి. ఆ చోటు తెలిసిన మనిషి మాట చాలా విలువైనది.

చెలకలో ఎముకలాంటి రాయి దొరికితే ఏం చేయాలి?

ముందు విరిగిన అంచు చూడండి. ఎముక అయితే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి, మామూలు రాళ్లలో సాధారణంగా అవి ఉండవు. పన్ను అయితే పైన నున్నటి మెరుపు ఉంటుంది.

తవ్వొద్దు. కదిలించొద్దు. పక్కన పెన్నో నాణెమో పెట్టి దగ్గర నుంచి ఒకటి, చుట్టూ నేల కనబడేలా దూరం నుంచి ఒకటి ఫోటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. మాలేరి కథంతా ఏ ఎముక ఏ పొరలో, దేని పక్కన ఉందన్న దాని మీదే ఆధారపడింది. ఆ కడుపులోని మలేరిసారస్ ఎముకలను ఎవరైనా విడిగా ఏరుకుని ఇంటికి తెచ్చుకుని ఉంటే, ఏది దేన్ని తిందో ఎప్పటికీ తెలిసేది కాదు. లైడెక్కర్ కాలంలో రెండు జంతువులు ఒకటైపోయింది కూడా ఎముకలు ఏ చోటివన్న లెక్క లేకుండా విడి ముక్కలుగా చేరడం వల్లే.

కబురు ఇవ్వాల్సింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు. మహారాష్ట్ర గట్టు వాళ్లు నాగపూర్ కార్యాలయానికి, తెలంగాణ గట్టు వాళ్లు హైదరాబాద్ కార్యాలయానికి రాయండి. అడవి భూమి అయితే ముందు అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. ఇప్పటికే ఇంటికి తెచ్చేసుకున్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. కడగొద్దు, వార్నిష్ పూయొద్దు, జిగురు పెట్టొద్దు. పాత గుడ్డలో చుట్టి, ఏ చెలక, ఏ ఒర్రె, ఎంత లోతు, పక్కన ఇంకేం కనిపించాయి అన్నది కాగితం మీద రాసి అదే మూటలో పెట్టండి.